తీసిన చెయ్యే పెట్టాలి

పిన్ని, మరమ్మతుకొచ్చిన బండి వెనకతలుపు ఎత్తి, నడుందాకా లోపలికి దూరి, మోచేతులవరకు వచ్చే రబ్బరు తొడుగులతో నారింజరంగు ప్లగ్గు పిడిని పట్టుకుంది. పిడిని పక్కకు జరిపి, పైకి లేపి, లాగింది. అరచేయంత ప్లగ్గు టక్కున ఊడి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా ఎడమజేబులో వేసుకుని, జేబుమీద రెండుసార్లు తట్టింది. పసిపిల్లను జోకొడుతున్నట్టుందని షెడ్డులో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ, ఆవిడ సొమ్మేం పోయింది?

"తీశాను!" అని గట్టిగా అరిచింది.

"విన్నాను!" అని అవతల టైర్ల దగ్గర్నుంచి పొడుగాయన బదులిచ్చాడు.

ఇది రోజూ ఉండే తంతే. ఈ రకం బండిలో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే పడగొట్టే కరెంటు వెనకసీటు కింద బ్యాటరీలో ఉంటుంది. ఆ ప్లగ్గు తీస్తేనే దాని దారి తెగుతుంది. తీసినవాళ్ళు ప్లగ్గును బల్లమీద పెట్టకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, ఒంటిమీదే ఉంచుకోవాలి. పని అయ్యాక వాళ్ళే తిరిగి పెట్టాలి. తీసిన చెయ్యే పెట్టాలి అన్నది ఆ షెడ్డులో పిన్ని పెట్టిన చట్టం. చాలా ఏళ్ళ కిందట ఎవరో సాయం చేద్దామనుకుని బల్లమీదున్న ప్లగ్గును తీసుకెళ్ళి పెట్టేశారు. అప్పుడు పిన్ని చెయ్యి బండి ముందుభాగంలో కరెంటు డబ్బా లోపల ఉంది. తొడుగు కాపాడింది. ఆ సాయం చేసిందెవరో పిన్ని ఏనాడూ బయటపెట్టలేదు. కాకపోతే ఆనాటినుంచి ఆవిడ "తీశాను" అంటే చాలు, పొడుగాయన ఎక్కడున్నా, నోట్లో అన్నం ముద్ద ఉన్నా, "విన్నాను" అని అరుస్తాడు.

ప్లగ్గు తీశాక కూడా పది నిమిషాలు ఆగాలి. బానెట్టు కింద ఇన్వర్టరు అనే అల్యూమినియం డబ్బా ఒకటుంది, అందులో మిగిలిన కరెంటు ఇంకిపోవాలి. ఆ పది నిమిషాలే పిన్నికి తీరిక. బోర్లించిన బకెట్టుమీద కూర్చుని, ఫ్లాస్కు మూతలోకి టీ ఒంపుకుని, కాళ్ళు చాపుకునేది. ఇంట్లోనూ అదే అలవాటు. మొగుడిమీద కోపం వస్తే "పది నిమిషాలాగి వస్తా" అని వంటింట్లోకి పోయేది. తిరిగొచ్చేసరికి సగంసార్లు కోపం దేనికో ఆవిడకే గుర్తుండేది కాదు. మిగతా సగంసార్లు ఆయనకు మూడేది.

షెడ్డు యజమానికి మాత్రం ఆ పది నిమిషాలు ముళ్ళమీద కూర్చున్నట్టుంటుంది. అందరూ ఆయన్ను తొందరగారు అంటారు. బోర్డుమీద అసలు పేరు ఉంది గాని, బోర్డు చదివి వచ్చేవాళ్ళెవరు? కొంపలంటుకున్నట్టు నడుస్తాడు, కొంపలంటుకున్నట్టు తింటాడు, కొంపలు నిజంగా అంటుకున్నరోజున ఏం చేస్తాడో పాపం. పిన్నిని పిన్ని అనడం మొదలుపెట్టింది ఆయనే. వాళ్ళమ్మకు దూరపు చెల్లెలి వరస. ఆయన్ను చూసి పొడుగాయన పిలిచాడు, పొడుగాయన్ను చూసి బండ్లు తెచ్చేవాళ్ళు పిలిచారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "పిన్నీ, బ్రేకు కీచుమంటోంది" అంటూ వచ్చేవాళ్ళు. పిల్లల్లేరా అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "ఇంతమందికి పిన్నినయ్యాక అమ్మనయ్యే తీరికెక్కడమ్మా" అనేది. ఒకప్పుడు ఆ మాట నవ్వుతూ అనడానికి ఆవిడకు కష్టమయ్యేది. ఇప్పుడు నవ్వు దానంతటదే వస్తోంది.

"పిన్నీ, ఇంకా ఎంతసేపు?" తొందరగారు రెండోసారి వచ్చి అడిగాడు.

"నువ్వు అడిగినప్పుడల్లా ఒక నిమిషం కలుపుతున్నానురా అబ్బాయ్."

"అది కాదు పిన్నీ. మధ్యాహ్నంలోగా నేను ఫోను చెయ్యాలి. రేపటి వ్యాను పోతే మళ్ళీ వారానికిగాని రాదు. ఇన్వర్టరు మొత్తం మార్చేద్దామంటే ఇప్పుడే చెప్పేస్తాను."

"మొత్తం డబ్బా ఎప్పుడొస్తుంది?"

"మూడు వారాలు అంటున్నారు."

"మూడు వారాలా!" అంది నర్సమ్మ.

ఆవిడ గోడవార బెంచీమీద, పెద్ద తోలుసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండి ఆవిడదే. ఊరి వెనక కొండమీద విసిరేసినట్టుండే ఇళ్ళకు తిరిగి పురుళ్ళు పోయడం ఆవిడ ఉద్యోగం. అవతల ఇంకో నర్సు లేదు, ఈ బండి తప్ప ఇంకో బండి ఆ ఇళ్ళవైపు పోదు. పోయినవారం కొండ సగం ఎక్కాక బండి ఆగిపోతే సంచి భుజాన వేసుకుని నడిచింది. ఆ పూటకు బిడ్డ కాస్త ఆలస్యంగా పుట్టింది కాబట్టి సరిపోయింది.

"పైన ఒక అమ్మాయి కవలల్ని మోస్తోంది పిన్నీ," అంది నర్సమ్మ. "ఇవాళో రేపో. నాకు ఈ కాళ్ళతో అంత ఎత్తు నడవడం ఇంక చేతకాదు. నేను చేరకపోతే ఆ పిల్ల దగ్గర వాళ్ళ అత్తగారు తప్ప ఇంకెవరూ ఉండరు."

పిన్ని టీ మూత కడిగి బిగించింది. ఈ బండి ఆవిడ చేతికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి, బండి కంప్యూటరు చెప్పేది చదివే స్కానరు పెడితే జనరేటరు కరెంటు సెన్సరు దగ్గర తేడా ఉందని చూపించింది. విప్పి చూస్తే తీగ చివర ఒక పిన్నుమీద పచ్చటి చిలుము కనబడింది. గతుకుల దారి, వదులైన పిన్ను, ఇంకేం కావాలి అనుకుని, గీకి, బిగించి, "నిశ్చింతగా వెళ్ళమ్మా" అని పంపింది. ఆ నిశ్చింతే నర్సమ్మను కొండమధ్యలో దింపింది. చేతికి చిక్కినవాణ్ణే దొంగ అన్నాను కదా అని పిన్ని ఈ వారమంతా తనను తాను తిట్టుకుంటోంది. మళ్ళీ ఇంకో తప్పు పేరు చెప్పి పంపించడం ఆవిడ వల్ల కాదు.

పది నిమిషాలయ్యాయి. మీటరు ముళ్ళు పెట్టి చూసి, కరెంటు లేదని తేల్చుకుని, పిన్ని డబ్బా మూత విప్పింది. ఊడిన బోల్టును ఊడినట్టు కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టింది. ఎడమపక్కవి ఎడమగుంటల్లో, పొడుగువి పైవరసలో. తన తరువాత ఎవరొచ్చినా కళ్ళు మూసుకుని బిగించగలగాలి అంటుంది. లోపల జనరేటరు నుంచి వచ్చే మూడు లావు తీగలు, ఒక్కొక్కటీ గాజులోంచి చెయ్యి దూరినట్టు ఒక నల్లటి బిళ్ళలోంచి దూరి పోతున్నాయి. ఆ బిళ్ళలే సెన్సర్లు. ఇంజను జనరేటరును తిప్పితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ఎంత పోతోందో చూసి బండిలోని కంప్యూటరుకు చెప్పడం వాటి పని. తీగను ముట్టుకోవు, కరెంటును ఆపవు. వీధరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసే ముసలమ్మల్లాంటివి. కాని వాటి మాట తప్పైతే కంప్యూటరు హడలిపోయి బండి మొత్తాన్ని ఆపేస్తుంది.

స్కానరులో మూడు అంకెలు చూసింది. సున్న, సున్న, సున్న.

"ముగ్గురూ బుద్ధిమంతులే," అంది పిన్ని విసుగ్గా.

తీగల్ని కదిపింది. సున్నలే. పిన్నుల్ని లాగింది, వంచింది, డబ్బాను అరచేత్తో చరిచింది. సున్నలే. తొందరగారు ఫోను చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆయన చెప్పు నేలమీద టపటపమంటోంది. పాపం ఆయన తప్పేముంది, ఆయనకూ నర్సమ్మ మొహం కనిపిస్తూనే ఉంది.

పిన్ని మళ్ళీ బకెట్టుమీద కూర్చుంది. ఎడమభుజం లాగినట్టనిపిస్తే కుడిచేత్తో నొక్కుకుంటూ, "నర్సమ్మా, ఇలా రా. బండి ఎలా ఆగుతుందో మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అంది.

"ఎన్నిసార్లు చెప్పను! కొండెక్కేటప్పుడు, రెండో మలుపు దాటగానే ఎర్రదీపం వెలుగుతుంది. చచ్చినట్టు ఆగిపోతుంది."

"దిగేటప్పుడు?"

"దిగేటప్పుడు ఏ రోగమూ లేదు."

"గతుకులు దిగేటప్పుడు కూడా ఉంటాయి కదా."

"అవే గతుకులు!"

"ఆగాక ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? రాయిమీద కూర్చుని దాన్ని తిడతాను. నాకొచ్చిన తిట్లన్నీ అయిపోయాక ఒకసారి మీట నొక్కి చూస్తే నడుస్తుంది. పోయినవారమే అంతసేపు కూర్చునే తీరిక లేక నడిచి పోయాను."

"నీకొచ్చిన తిట్లు ఎంతసేపొస్తాయి?"

నర్సమ్మ నిజంగానే ఆలోచించింది. "అరగంట. వాళ్ళాయన్ని కూడా కలిపితే ముప్పావుగంట."

"ఎవరాయన్ని?"

"బండి అమ్మినాయన్ని."

పొడుగాయన పక్కకు తిరిగి నవ్వాడు. పిన్ని నవ్వలేదు. లేచి నిలబడింది. "నీ తిట్లకు కాదమ్మా అది నడిచింది. చల్లారి నడిచింది. కొండెక్కేటప్పుడు జనరేటరు ఒళ్ళు వంచి పనిచేస్తుంది, డబ్బా కాలిపోతుంది. ఇక్కడ మనం చల్లటి ఒంటిని పట్టుకుని జ్వరమెక్కడా అంటున్నాం. అబ్బాయ్, పక్క సెలూనుకు పో. జుట్టు ఆరబెట్టే మిషను తెమ్మన్నానని చెప్పు."

తొందరగారికి జీవితంలో ఇంత ఇష్టమైన పని ఎవరూ చెప్పలేదు. పరుగెత్తాడు. సెలూనాయన మిషనును ఎవరి చేతికీ ఇవ్వడు కాబట్టి తనే పట్టుకొచ్చాడు. ఆయన వెనకే మెడకు గుడ్డ చుట్టుకుని, సగం తల కత్తిరించి సగం వదిలేసిన మనిషొకడు తన మిగతా సగం సంగతేమిటని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బండికి కూడా జుట్టుందా పిన్నీ?" అన్నాడు సెలూనాయన.

"జుట్టుకాదు నాయనా, జ్వరం తెప్పిస్తున్నాను."

పిన్ని వేడిగాలిని మొదటి బిళ్ళమీదికి తిప్పింది. స్కానరును పొడుగాయన అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. ఎత్తి పట్టుకోవడానికి ఆయనకన్నా అర్హుడెవరు? సున్న. వేలు పెట్టలేనంత వేడెక్కినా సున్నే. రెండో బిళ్ళ. అదీ సున్నే. మూడోదానిమీదికి గాలి తిప్పింది. సున్న కాసేపు అలాగే ఉంది. తరువాత రెండు అయింది. ఐదు. పదకొండు. ముప్ఫై దాటింది.

"కరెంటు పోతోందంటోంది!" అన్నాడు తొందరగారు.

పిన్ని ఎడమజేబుమీద తట్టింది. ప్లగ్గు ఉంది. "ఎక్కడిది కరెంటు? దారి నా జేబులో ఉంటే కరెంటెలా పోతుంది? పొయ్యి వెలిగించకముందే కూర మాడిందంటోంది చూడు, ఇదీ మన దొంగ!"

మిషను ఆపింది. అంకె నెమ్మదిగా దిగి సున్నకు వచ్చింది. ఈసారి తొందరపడి పేరు పెట్టదలచుకోలేదు. మళ్ళీ వేడి చేసింది, మళ్ళీ ఎక్కింది. చల్లార్చింది, మళ్ళీ దిగింది. ఇంకోసారి. సగం తల మనిషి కూడా "అదే, అదే, మూడోదే" అన్నాడు. అప్పుడు పిన్ని వెనక్కి తిరిగి, "సెన్సరొక్కటే చాలని చెప్పు అబ్బాయ్. రేపటి వ్యానులో పంపమను," అంది. తొందరగారు అప్పటికే చెబుతున్నాడు.

నర్సమ్మ వచ్చి పిన్ని చేతిని, తొడుగుతో సహా, రెండు చేతుల్లోకి తీసుకుంది. పిన్నికి ఆ వారంలో మొదటిసారి కడుపునిండా ఆకలేసింది. అంత సంతోషం ఆవిడకు. పొడుగాయన డబ్బాలోంచి రెండు ముద్దలు కూడా లాక్కుని తింది.

మధ్యాహ్నమంతా పాత సెన్సరు ఊడదీసి, కొత్తదానికి చోటు శుభ్రం చేసింది. ఇలాంటి పనుల్లో ఆవిడ చేతులు వాటంతటవే నడుస్తాయి, మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంది. వాళ్ళ నాన్న ఫ్యాన్లకు తీగ చుట్టే కొట్లో, బల్లకు అందని వయసునుంచే ఆవిడ రాగితీగ చుట్టింది. ఒకరోజు సన్నటి వేళ్ళున్న దర్జీ ఒకడు కుట్టుమిషను మోటారు కాలిపోయిందని తెచ్చాడు. చుట్టి ఇచ్చింది. వారంలో మళ్ళీ తెచ్చాడు. చూస్తే తీగ తెగి ఉంది. మూడోసారి తెచ్చినప్పుడు మోటారు శుభ్రంగా ఉంది, తేవడం మాత్రం తెచ్చాడు. "దీనికేం రోగం లేదే" అని ఆవిడంటే, "నాకుంది" అన్నాడు ఆ దర్జీ. వాళ్ళ నాన్న లోపలినుంచి దగ్గాడు. అంతే పెళ్ళి. తరువాత ఫ్యాన్లు పోయి లారీల డైనమోలు, డైనమోలు పోయి ఈ బండ్లు వచ్చాయి. జుట్టు నెరిశాక కుర్రవాళ్ళమధ్య బెంచీమీద కూర్చుని ఈ చదువు చదివింది. ఏది మారినా రాగితీగ మారలేదు కదా అని ధైర్యం చెప్పుకుంది.

సాయంత్రం లేవబోతే కాళ్ళు కాస్త తేలాయి. టైరుమీద కూర్చుండిపోయింది.

"ఒంట్లో బాగుందా పిన్నీ?" అన్నాడు పొడుగాయన.

"నీ అన్నం తిన్నాను కదా, అరగడం లేదు. రేపు వ్యాను త్వరగా వస్తే నా కోసం చూడకు, నువ్వు బిగించెయ్యి. అట్టలో అన్నీ వరసగా ఉన్నాయి. ప్లగ్గు మాత్రం నేనొచ్చి పెడతాను."

"ఇంటికి పోయేటప్పుడు పెట్టెలో పెట్టి తాళమెయ్యి మరి."

"వేస్తాలే," అంది. వెయ్యలేదు. అలా వెయ్యడం ఆవిడకు ఏనాడూ గుర్తుండదు. బరువు జేబులో ఉన్నంతసేపూ ఆవిడకు అంతా సరిగ్గా ఉన్నట్టనిపిస్తుంది, అందుకని జేబు తడుముకోదు. ఊళ్ళో మెకానిక్కులు తాళాలు మరిచిపోతారు, గొడుగులు మరిచిపోతారు. కరెంటును జేబులో వేసుకుని ఇంటికి పోయేది ఈవిడొక్కతే.

ఇల్లంటే దర్జీకొట్టు వెనక రెండు గదులు. షెడ్డువాళ్ళందరికీ బాబాయి అయిన ఆయన మిషనుమీద ఎవరిదో ప్యాంటు అంచు కుడుతూ, ఆవిడ అడుగుల చప్పుడుకే తలెత్తకుండా, "ఇంజనీరుగారూ, జేబు ఖాళీ చెయ్యండి," అన్నాడు.

పిన్ని నాలిక కరుచుకుంది. "అయ్యో! మళ్ళీ తెచ్చానా?"

"మళ్ళీ తెచ్చావు. ఒకసారి నీళ్ళల్లో ముంచాను, ఒకసారి దానిమీద ఇస్త్రీ చేశాను. ఇంక నేను చెయ్యగలిగింది కుట్టడమే కదా అని గోతాంగుడ్డ రెండు మడతలేసి జేబులు కుట్టాను. నా అంగడిలో ఇంత గట్టి కుట్టు ఇంకెవరికీ వెయ్యలేదు తెలుసా?"

"వేస్తే డబ్బులడుగుతారని ఎవరూ వేయించుకోరు."

అన్నాలయ్యాక పిన్ని ఆ రోజు కథంతా చెప్పింది. మూడు గ్లాసులు వరసగా పెట్టి అవే సెన్సర్లంది. సెలూనాయన్నీ, సగం తల మనిషినీ ఆడించి చూపిస్తే బాబాయికి నవ్వలేక పొలమారింది. చివర్లో ప్లగ్గు తీసి బల్లమీద పెట్టి, "ఇది ఎలా పెడతారో చెప్పండి చూద్దాం," అంది. ఇది కూడా వాళ్ళ పాత ఆటే.

"లోపలికి నొక్కాలి. పిడి కిందికి దించాలి. పక్కకు జరపాలి."

"చివరిది మరిచిపోతే?"

"బండి కదలదు. ఎన్నిసార్లు చెబుతావే, నేనేమైనా బండి నడుపుతానా?"

"తెలిసుంటే తప్పేమిటి," అని ప్లగ్గును మళ్ళీ జేబులోనే వేసి, చొక్కాను తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. "అక్కడే ఉండనీండి. పొద్దున్నే పోవాలి. ఆ కవలలు ఆగేట్టు లేరు."

పొద్దున బాబాయి టీ కాచి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి దగ్గరికి వెళ్ళి చూసి, మరి పిలవలేదు.

షెడ్డులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. వ్యాను వచ్చింది. పిన్ని చెప్పినట్టే పొడుగాయన కొత్త సెన్సరు బిగించాడు. బోల్టులు అట్టలోంచి ఒక్కొక్కటే లేచి వాటి చోట్లకు పోయాయి, ఒక్కటి తక్కువ కాలేదు, ఒక్కటి మిగల్లేదు. మూత బిగించాడు. ఇంక ప్లగ్గు పెట్టడమే. పెట్టె తెరిచి చూస్తే అందులో లేదు. పొడుగాయన నవ్వుకుని, "మళ్ళీ మోసుకుపోయింది," అన్నాడు.

అప్పుడే నర్సమ్మ సంచితో పరుగెత్తుకొచ్చింది. పైన ఆ అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయట, ఫోను వచ్చింది. తొందరగారు వీధిలోకి వెళ్ళి చూశాడు, లోపలికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. "ఇవాళే ఆలస్యమవ్వాలా ఈవిడ!" అని గట్టిగానే అన్నాడు. ఆ మాట అన్నందుకు తరువాత చాలాకాలం ఆయన తనను తాను క్షమించుకోలేదు.

వీధి చివర బాబాయి కనిపించాడు. ఒక్కడే, చెప్పుల్లేకుండా, పిన్ని చొక్కాను రెండు చేతులమీద వేసుకుని వస్తున్నాడు.

"బాబాయ్, పిన్నేది?" అన్నాడు తొందరగారు.

"మీ పిన్ని తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయిందిరా," అన్నాడు బాబాయి. "ఇంటినిండా జనం. మా చెల్లెలు దగ్గర కూర్చుంది. నేను తలుపు వేద్దామని వెనక్కి తిరిగితే ఇది కొక్కేనికుంది. బరువుగా కనబడింది. ఇది రాకపోతే బండి కదలదని నాకు తెలుసు కదా. కదలకపోతే నన్ను ఊరుకోదు మీ పిన్ని."

నర్సమ్మ బెంచీమీద కూలబడి కొంగుతో నోరు మూసుకుంది. తొందరగారు అంత పరుగుల మనిషీ ఉన్నచోటే నిలబడిపోయాడు. బాబాయి జేబులోంచి ప్లగ్గు తీసి పొడుగాయన ముందుకు చాపాడు.

పొడుగాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టుకోను బాబాయ్. తీసిన చెయ్యే పెట్టాలి."

"ఆ చెయ్యి లేదు కదరా."

"మీది ఉంది."

పొడుగాయన బండిచుట్టూ ఒకసారి తిరిగి అన్నీ మూసి ఉన్నాయో లేదో చూశాడు. పిన్ని రబ్బరు తొడుగులు తెచ్చాడు. అవి షెడ్డులో ఇంకెవరికీ పట్టవు. దర్జీ సన్నటి వేళ్ళు వాటిలోకి సులువుగా దూరాయి. బాబాయి చొక్కాను పక్కనున్న కొక్కేనికి తగిలించి, వెనకతలుపులోంచి లోపలికి వంగాడు. లోపలికి నొక్కాడు. పిడి కిందికి దించాడు. అక్కడ ఆగాడు. ఆయన వీపు కొంచెంసేపు కదిలింది. తరువాత పిడిని పక్కకు జరిపితే అది టక్కుమంది.

"పెట్టాను!" అన్నాడు బాబాయి, లోపల్నుంచే, ఆవిడ అరిచినంత గట్టిగా.

"విన్నాను," అన్నాడు పొడుగాయన. అది అరుపులా రాలేదు.

నర్సమ్మ కళ్ళు తుడుచుకుని బండెక్కి మీట నొక్కింది. ఈ బండ్లు మొదలైనట్టు చప్పుడు చెయ్యవు. పచ్చటి అక్షరాలు వెలిగాయి, ఎర్రదీపం వెలగలేదు. "నేను తిరిగొచ్చి ఆవిడ దగ్గరికి వస్తాను," అని బాబాయితో చెప్పి కొండవైపు తిప్పింది. తొందరగారు బాబాయి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించాడు. ఆయన అంత నెమ్మదిగా నడవడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు.

పొద్దువాలేవేళ, అన్నీ అయిపోయి, కాళ్ళు కడుక్కుని, తొందరగారూ పొడుగాయనా షెడ్డుకు తాళం వెయ్యడానికి వచ్చినప్పుడు నర్సమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఇద్దరూ ఆడపిల్లలేనట. రెండోది పుడుతూనే మొదటిదానికన్నా గట్టిగా ఏడ్చిందట. బండి రెండో మలుపు, మూడో మలుపు దాటి గుమ్మందాకా పోయిందట. తొందరగారు "సరే, సరే" అంటూ విని, నవ్వబోయి, ఏడ్చి, మళ్ళీ నవ్వాడు. పొడుగాయన తాళం తీసుకోబోతే, "ఉండు, పది నిమిషాలాగుదాం," అని బోర్లించిన బకెట్టుమీద కూర్చున్నాడు.

గోడకు బాబాయి మరిచిపోయిన చొక్కా వేలాడుతోంది. ఖాళీ అయినా, గోతాంగుడ్డ వేసి కుట్టిన దాని ఎడమజేబు ఇంకా లోపల ఏదో ఉన్నట్టే కిందికి సాగి ఉంది.